సత్తువ ఎక్కడ కొండెక్కింది?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. మూడేళ్లుగా రోడ్ సైకిల్ తొక్కుతున్నాను. పోయిన ఆదివారం మొదటిసారి కొండదారి రేసులో పాల్గొన్నాను. 96 కిలోమీటర్లు, నాలుగు కొండలు, మొత్తం ఎక్కుడు 1,700 మీటర్లు. మొదటి కొండ ముందు గుంపుతోనే ఎక్కాను. గుండె నిమిషానికి 182 కొట్టుకుంటోంది, అయినా హుషారుగానే ఉంది. రెండో కొండ పైకి చేరేసరికి గుంపుకు ఓ వంద మీటర్లు వెనకబడ్డాను. ఆ తర్వాత 18 కిలోమీటర్లు ఎదురుగాలిలో ఒంటరిగా తొక్కాను. మూడో కొండ మీద కాళ్లలో సత్తువ లేదు. నాలుగోదాని మీద తొడలు పట్టేసి, దిగి నిలబడ్డాను. 4 గంటల 40 నిమిషాలకు చేరాను. అంతకంటే పెద్ద బాధ ఏమిటంటే, మొదటి కొండ మీద నేను దాటేసిన ఒక పెద్దాయన, జుట్టు నెరిసి కాస్త బొజ్జ కూడా ఉన్నాయన, నాకంటే 22 నిమిషాలు ముందు చేరారు. నా బరువు 72 కిలోలు, సైకిల్ 8.9. రెండు కిలోలు తగ్గమని, తేలికపాటి చక్రాలు కొనమని స్నేహితులు అంటున్నారు. గేర్ ముందు 34 పళ్లు, వెనక పెద్దది 28. పది వారాల్లో మరో రేసు ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు ఆ పెద్దాయన సంగతి చూద్దాం. ఉత్తరంలో ఆయన గురించి ఒక్క వాక్యమే రాశారు గానీ, మీకు కావలసిన జవాబు సగం ఆయన దగ్గరే ఉంది. బొజ్జ ఉన్న మనిషికీ ఏటవాలుకీ పడదు. మొదటి కొండ మీద మీరే ఆయన్ని దాటేశారు. మరి ఆ 22 నిమిషాలు ఎక్కడ సంపాదించారాయన? వెతుకుదాం. మీరు రాసిన వరుసలో కాకుండా, అన్నిటికంటే ఖరీదైన తప్పుతో మొదలుపెడతాను.

రెండో కొండ కొసన వంద మీటర్లు వెనకబడ్డానన్నారు. ఆ ఏటవాలులో మీ వేగం గంటకు 12 కిలోమీటర్లు ఉంటుందనుకుంటే వంద మీటర్లంటే సరిగ్గా అర నిమిషం. ఇప్పుడు దాని తర్వాతి 18 కిలోమీటర్లు చూడండి. ఎదురుగాలిలో ఒంటరిగా 26 లాగారనుకుందాం, 41 నిమిషాల పైచిలుకు. వంతులవారీగా గాలిని కోసుకుంటూ పోయే పదిమంది గుంపు అదే దారిలో 34 పోగలదు, 32 నిమిషాల లోపే. అర నిమిషం తేడా పది నిమిషాలైంది. అంతే అయితే సర్దుకోవచ్చు. ఆ పదిమందీ మీకంటే తక్కువ శ్రమతో మూడో కొండ మొదలుకు చేరారు, మీరు పిండేసిన గుడ్డలా చేరారు. చదునులో ఆ వేగాల దగ్గర మన శ్రమలో ఎక్కువ భాగం గాలిని నెట్టడానికే పోతుంది. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది, దాన్ని నెట్టడానికి కావలసిన శక్తి ఘనంగా పెరుగుతుంది. ఒకరి చక్రం వెనక సరిగ్గా దూరితే పావు వంతు నుంచి మూడో వంతు దాకా మిగులుతుంది. మీ సత్తువ నాలుగో కొండ మీద కొండెక్కిందని మీరనుకుంటున్నారు. నా లెక్కలో అది ఆ చదును రోడ్డు మీదే కొండెక్కింది.

ఇదే తప్పు నేనూ చేశాను కాబట్టి దగ్గర్నుంచి చెప్పగలను. నా మూడో కొండదారి రేసు. ఎక్కుడు అయిపోయింది, రోడ్డు చదునుగా మారుతోంది, ముందు గుంపులో పద్నాలుగో పదిహేనో వాణ్ణి. "హమ్మయ్య" అనుకుని కాళ్లు ఆపాను. చేయి సీసా మీదకు వెళ్లింది. మూత పళ్లతో లాగి, రెండు గుక్కలు తాగి, సీసా మళ్లీ గూట్లో పెట్టేలోపు నా ముందు చక్రానికీ ముందాయన వెనక చక్రానికీ మధ్య ఆరేడు మీటర్లు. వాళ్లెవరూ కాళ్లు ఆపలేదు మరి. పైగా వాళ్లు అప్పటికే దిగుడులో పడ్డారు, నేనింకా పైనే ఉన్నాను. దిగుడులో ఉన్నవాడికి భూమి సాయం చేస్తుంది, పైన ఉన్నవాడు కాళ్లతోనే సంపాదించుకోవాలి. ఆ ఆరు మీటర్లు అరవై అయ్యాయి, అరవై ఆరువందలయ్యాయి. ఆ రోజు తర్వాత నాకు గుంపు కనబడలేదు.

ఇల్లలకగానే పండగ కాదంటారు చూడండి, అది కొండ కొసకు రాసిపెట్టిన మాట. శిఖరం కనబడగానే ఆగకండి. రోడ్డు చదునైన తర్వాత కూడా మరో ఇరవై ముప్ఫై సెకన్లు అదే బిగువుతో తొక్కి, ఒక గేర్, రెండు గేర్లు బిగించి, వేగం వచ్చాక కాళ్లు వదలండి. నీళ్లు ఆ తర్వాత. చాలామంది సరిగ్గా ఆ పైనే సడలిస్తారు కాబట్టి ముప్ఫై మీటర్లు వెనకబడినవాడు కూడా అక్కడ అందుకోగలడు. మొత్తం రేసులో ఇంత చవకగా దొరికేది ఇంకోటి లేదు.

సరే, అందుకోలేకపోయారు. అప్పుడేం చేయాలి? మీరు చేసింది వెంటపడటం. నలుగురైదుగురు వంతులు తీసుకుంటూ పోతుంటే ఒక్కడు ఎదురుగాలిలో వాళ్లను పట్టుకోవడం కల్ల. వెనక్కి తిరిగి చూడాల్సింది. నిమిషం, నిమిషంన్నర దూరంలో ఇంకో గుంపు వస్తూ ఉంటుంది, దాదాపు ఎప్పుడూ ఉంటుంది. తేలిగ్గా తొక్కుతూ, తింటూ, తాగుతూ, వాళ్లు వచ్చేదాకా కాళ్లకు విశ్రాంతి ఇచ్చి, వాళ్ల తోకలో చేరాలి. ఒక నిమిషం పోతుంది, ఎనిమిది మిగులుతాయి. మనకు అడ్డొచ్చేది అభిమానం. ఆ పెద్దాయనకు ఆ అభిమానం ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. ఆయన మిమ్మల్ని దాటిపోయినప్పుడు చుట్టూ ఎంతమంది ఉన్నారో గుర్తు తెచ్చుకోండి. ఏడెనిమిది మంది ఉండి ఉంటారని నా పందెం.

గుంపులో ఉన్నప్పుడు ఒక జాగ్రత్త. ఎక్కుడులో ముందాయన సీటు మీంచి లేచి నిలబడిన క్షణంలో ఆయన సైకిల్ మీ వైపు ఓ అడుగు వెనక్కి వచ్చినట్టవుతుంది. నిజానికి వెనక్కి రాదు, లేచే ఆ అర క్షణం తొక్కుడు సడలి వేగం తగ్గుతుంది. మీ ముందు చక్రం ఆయన వెనక చక్రానికి పక్కగా దూరి ఉంటే అక్కడే తగులుతుంది, పడేది మీరే. అందుకని చక్రం పక్కన చక్రం పెట్టకండి, కాస్త ఎడం ఉంచండి. మీరు లేవాల్సివస్తే ఒక గేర్ బిగించి, పెడల్ కిందికి తొక్కుతూ ఆ ఊపులోనే లేవండి, వెనకాయన మిమ్మల్ని తిట్టుకోడు.

ఇప్పుడు మొదటి కొండ. 182 కొట్టుకున్నా హుషారుగా ఉందన్నారు. ఉంటుంది. కాళ్లు తాజాగా ఉన్నప్పుడు, చుట్టూ నలభై మంది ఉన్నప్పుడు ఎవరికైనా హుషారే. దీనికి మనవాళ్లు పెట్టిన పేరు ఆరంభశూరత్వం. లెక్క చెబుతాను. మీరు, సైకిల్, సీసాలు కలిపి 83 కిలోలనుకుందాం. ఏడు శాతం ఏటవాలులో గంటకు 12 కిలోమీటర్లు ఎక్కడానికి సుమారు 210 వాట్లు కావాలి. అదే 15 కిలోమీటర్లతో ఎక్కాలంటే 265 దాటుతుంది. గంటసేపు నిలబెట్టుకోగల మీ హద్దు 220, 230 దగ్గర ఉంటే, ముందు గుంపుతో మీరు ఇరవై నిమిషాలు హద్దు దాటి బతికారన్నమాట. హద్దు పైన చేసిన ప్రతి నిమిషం అప్పు. తీర్చడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది, రేసులో అంత తీరిక ఉండదు.

గుండె వేగాన్ని చూసి అదుపు చేసుకుందామంటే అదీ కొంత మోసమే. శ్రమ పెరిగిన నిమిషం తర్వాత గానీ గుండె ఆ లెక్క చూపించదు. మీటర్ మీద 165 కనబడుతున్నప్పుడే కాళ్లు 180 పని చేస్తూ ఉంటాయి. తొక్కుడు బలాన్ని వాట్లలో చూపే పవర్ మీటర్ ఉంటే ఆ వాట్లు చూడండి. లేకపోతే నోరే మీటరు, నాలుగైదు మాటల వాక్యం ఒక్క ఊపిరిలో చెప్పగలగాలి. ప్రతి కొండ మొదటి ఐదు నిమిషాలు "మరీ నెమ్మదిగా పోతున్నానేమో" అనిపించాలి. అనిపించకపోతే ఎక్కువ తొక్కుతున్నట్టే. ఫ్రాన్స్‌లో ఆల్ప్ డ్యుయెజ్ ఎక్కుడు ఉంది, 13.8 కిలోమీటర్లు, 21 మలుపులు, సగటున 8 శాతం. మలుపులకు అంకెలు కింద 21తో మొదలై పైకి తగ్గుతూ పోతాయి. దాని నిలువు అంతా మొదట్లోనే ఉంది, తొలి రెండు కిలోమీటర్లు 10 శాతం దరిదాపు. అక్కడ వీరావేశం చూపించినవాళ్లు ఇంకా పదిహేను మలుపులు మిగిలుండగానే రోడ్డు పక్కన కనబడతారు.

అయితే దీనికి ఒక మినహాయింపు ఉంది, నలుగురూ చెప్పేదానికి నేను ఎదురు చెప్పేది ఇక్కడే. "నీ వేగంలో నువ్వు ఎక్కు, ఎవరినీ పట్టించుకోకు" అంటారు. చివరి కొండకు అది సరైన మాట. కొండ దాటాక పొడవైన చదునూ ఎదురుగాలీ ఉంటే మాత్రం ఆ కొండ మీద కొంచెం అప్పు చేసైనా గుంపుతో పైకి చేరాలి. ఎక్కడ అప్పు చేయాలో ముందే తెలిసి ఉండాలంతే. మొదటి కొండ దిగగానే రెండోది మొదలైందని మీరు పంపిన దారి పటంలో కనబడుతోంది. అక్కడ ఎంత వెనకబడినా పోయేది రెండు మూడు నిమిషాలే. మీరు మొదటి కొండ మీద తగలేసింది రెండో కొండ ఆఖరి కిలోమీటరు కోసం దాచుకోవాల్సిన సరుకు.

ఇంకో చిన్న ఉపాయం. కొండ మొదలయ్యేసరికి గుంపులో ముందు వరుసలో ఉండండి. అక్కణ్నుంచి మీ వేగంలో ఎక్కుతూ ఒక్కొక్కరినే ముందుకు పోనిస్తే, పైకి చేరేసరికి గుంపు తోకలో ఉంటారు. తోకలో మొదలుపెడితే అదే వేగానికి గుంపు బయట తేలతారు.

గేర్ విషయం తేలిక, మార్చేయండి. ముందు 34, వెనక 28తో నిమిషానికి 60 చుట్లు తొక్కితే వేగం 9 కిలోమీటర్ల పైచిలుకు. వెనక 34 పళ్లది పెడితే అదే వేగానికి 73 చుట్లు వస్తాయి. శ్రమ వాట్లలో ఒకటే గానీ, ఒక్కో తొక్కుడుకు తొడ మీద పడే బరువు ఆరో వంతు పైచిలుకు తగ్గుతుంది. మూడు గంటలయ్యాక నిలువు ఏటవాలులో 50 చుట్లతో గానుగెద్దులా తొక్కిన తొడలు పట్టేయకుండా ఎందుకుంటాయి? 34 పళ్ల కేసెట్, అంటే వెనక పళ్లచక్రాల కట్ట, కొనేముందు చైనును గేర్ నుంచి గేర్‌కు జరిపే మీ వెనక డిరైల్యూర్ అంత పెద్ద పళ్లచక్రాన్ని పట్టగలదో లేదో చూసుకోండి. దాని కింద వేలాడే చట్రం (కేజ్) పొట్టిదైతే పట్టకపోవచ్చు, చైను కూడా పొడవైనది కావలసి రావచ్చు.

గేర్ ఎప్పుడు మార్చాలన్నది కూడా గేరంత ముఖ్యం. ముందు, పెడళ్ల దగ్గరి పెద్ద పళ్లచక్రం (చైన్‌రింగ్) నుంచి చిన్నదానికి ఏటవాలు బిగియకముందే, పెడల్ మీద భారం తక్కువగా ఉన్నప్పుడే దిగండి. బలంగా తొక్కుతూ మారిస్తే చైను జారుతుంది. 2010 టూర్ డి ఫ్రాన్స్‌లో పోర్ట్ డి బాలెస్ ఎక్కుతూ దూకుడు మీదున్న ఆండీ ష్లెక్‌కు చైను జారింది. ఆ రోజు ఆయన తన ప్రత్యర్థి కాంటడోర్‌కు కోల్పోయింది 39 సెకన్లు, రేసు ముగిసే పారిస్ చేరేసరికి ఇద్దరి మధ్య తేడా కూడా 39 సెకన్లే. కాంటడోర్ గెలుపు తర్వాత రద్దయి 2012లో విజయం ష్లెక్‌కే దక్కింది, అది వేరే కథ. అంతటివాళ్లకే జారే చైను మనకు జారదా?

మీ స్నేహితులు చెప్పిన చక్రాల సంగతి. ఏటవాలులో మన శ్రమ దాదాపు అంతా బరువు ఎత్తడానికే, కాబట్టి వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. ఎంత లాభమో లెక్కేయలేదంతే. 83 కిలోల్లో ఒక కిలో తగ్గితే 1.2 శాతం. మీ రేసులో ఎక్కుళ్లన్నిటికీ కలిపి రెండు గంటలు పట్టిందనుకుంటే మిగిలేది నిమిషంన్నర కూడా లేదు. చక్రాల్లో 400 గ్రాములు తగ్గిస్తే అర నిమిషం. తిరిగే బరువు తగ్గితే లాభం రెట్టింపు అంటారు. నిలకడ వేగంతో కొండ ఎక్కేటప్పుడు గ్రాము ఎక్కడున్నా గ్రామే. అర నిమిషం కోసం అంత డబ్బు పోయాలా అన్నది మీ ఇష్టం, నేనైతే పోయను. కేసెట్ దానికంటే చాలా చవక. ఒంట్లో రెండు కిలోలంటారా, పది వారాల్లో నిదానంగా తగ్గితే మంచిదే. రేసు ముందు రెండు వారాల్లో కడుపు మాడ్చుకుని మాత్రం తగ్గకండి.

కడుపంటే గుర్తొచ్చింది, 60 కిలోమీటర్లు దాటాక ఆకలేసినప్పుడు మొదటిసారి తిన్నానని ఉత్తరం కింద గీసి రాశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. కండరాల్లో, కాలేయంలో కలిపి మనం దాచుకోగల గ్లైకోజెన్, అంటే నిలవ పిండిపదార్థం, 400, 500 గ్రాములు. మీలా తొక్కితే రెండు రెండున్నర గంటల్లో అడుగంటుతుంది. నాలుగు గంటల రేసుకు గంటకు 60 గ్రాముల కార్బోహైడ్రేట్ పడాలి. అలవాటైన కడుపైతే, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ ఉన్న మిశ్రమంతో 90 దాకా పట్టించవచ్చు. మొదటి అరగంటలోనే మొదలుపెట్టండి. ఎక్కుడులో నోట్లో ముద్ద పెట్టుకుంటే ఊపిరాడదు, దిగుడులో చేతులు బ్రేకుల మీద ఉండాలి. కాబట్టి తినే చోటు కొండకు పది నిమిషాల ముందు చదును, గుంపు తోకలో. రేసులో ఏం తినబోతున్నారో అది సాధనలోనూ తినండి. రేసు రోజున కొత్త జెల్ పరీక్షిస్తే కడుపు పగబడుతుంది. తొడలు పట్టేయడానికి ఉప్పు తగ్గడమే కారణమని అందరూ అంటారు. చెమట బాగా పోసే మనిషైతే ఉప్పు కలిపిన నీళ్లు తాగండి, నష్టం లేదు. మీ విషయంలో నా అనుమానం మాత్రం అలవాటుకు మించి అలిసిపోయిన కండరం మీదే.

దిగుడులో ఆ పెద్దాయన ఏం చేస్తారో చూడకుండానే చెప్పగలను. బ్రేకు మలుపులోకి వచ్చాక పట్టరు, మలుపుకు ముందే పట్టి, వదిలేసి, ఒరిగి తిరుగుతారు. చేతులు హ్యాండిల్ కింది వంపులో ఉంటాయి. బయటి వైపు కాలు కిందికి, దాని మీదే బరువు. చూపు మలుపు బయటికి పోయే చోట. గుంతను చూస్తూ పోతే గుంతలోకే పోతాం. దారి పొడవునా బ్రేకులు నొక్కి ఉంచకుండా గట్టిగా పట్టి వదలడమే మంచిది, రిమ్ముకూ డిస్కుకూ చల్లబడే వ్యవధి దొరుకుతుంది. 40తో పోతున్న సైకిల్ ఆగడానికి పట్టే దూరంకంటే 60తో పోతున్నదానికి రెండున్నర రెట్లకు కాస్త తక్కువ పడుతుందని మరచిపోవద్దు. నాలుగు దిగుళ్లూ కలిపి 24 కిలోమీటర్లు ఉంటే, 40కి బదులు 45తో దిగినా లాభం నాలుగు నిమిషాలు. దానికోసం ఎముకలు పణంగా పెట్టనక్కర్లేదు. ఫ్రాన్స్‌లో 1982లో మొదలైన లా మార్మోట్ అనే ఔత్సాహికుల రేసులో గ్లాండన్ కనుమ దిగుడును సమయం లెక్కలోంచే తీసేశారు, జనం అక్కడ పోటీపడి పడిపోకుండా. దిగుడులో సీటు వదిలి దాని ముందున్న పై గొట్టం మీద కూర్చుని ముడుచుకుపోయే పద్ధతిని 2021లో అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం తన రేసుల్లో నిషేధించింది. మీరూ ఆ జోలికి పోకండి. నున్నగా దిగడం నేర్చుకుంటే వేగం దానంతటదే వస్తుంది.

పది వారాలకు పెద్ద ప్రణాళిక అక్కర్లేదు. వారంలో రెండు రోజులు గట్టిగా, ఒక రోజు మూడు నాలుగు గంటలు పొడవుగా, మిగతావి తేలిగ్గా. గట్టి రోజుల్లో ఒకటి హద్దుకు కాస్త కింద ఇరవై నిమిషాల చొప్పున రెండుసార్లు. రెండోది మీకోసం ప్రత్యేకం. ఎనిమిది నిమిషాల ఎక్కుడు నిలకడగా ఎక్కి, కొస దాటాక ముప్ఫై సెకన్లు లేచి గట్టిగా తొక్కాలి. దిగి మళ్లీ. నాలుగుసార్లు. మొదటి వారం మూడోసారికే కాళ్లు మొరాయిస్తాయి, కంగారు పడకండి. ఆఖరి వారం సగానికి సగం తగ్గించండి.

రేసు ముందురోజు ఒక కాగితం ముక్క మీద ప్రతి కొండ ఏ కిలోమీటరు దగ్గర మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసి, హ్యాండిల్ దగ్గర గొట్టానికి అంటించండి. అప్పు చేయాల్సిన కొండ చుట్టూ సున్నా చుట్టండి. తినాల్సిన చోట చుక్క పెట్టండి. పైన పారదర్శక టేపు వేయండి, లేకపోతే చెమటకు సిరా కారిపోతుంది. నాకు ఒకసారి మూడో కొండ మొత్తం కారిపోయింది.

ఆ పెద్దాయన మళ్లీ వస్తే మొదటి కొండ మీద దాటేయకండి. వెనకే ఉండి ఆయన గేర్ ఎక్కడ మారుస్తున్నారో, సీసా ఎప్పుడు అందుకుంటున్నారో చూడండి. కొండ దాటి చదునులో పడ్డాక మాత్రం ఊరికే వెనక వేలాడకుండా మీ వంతు గాలి మీరు కోయండి.